పారిపోయే గడ్డకు భయపడొద్దన్న మనిషి

మా కాంపౌండర్ సాబ్ పోయారు. శుక్రవారం పొద్దున్నే వాకిట్లో నిలబడి పళ్లు తోముకుంటుంటే, సాబ్ ఇంటి పక్కన బట్టలు కుట్టే అతను ఫోన్ చేశాడు. “అన్నా, సాబ్ పోయిండే. తెల్లారి లేపితే లేవలేదట. జుమ్మా నమాజ్ అయినంక తీస్కపోతరు. జల్ది రా” అని ఒక్క గుక్కలో చెప్పి పెట్టేశాడు. నోట్లో నురగతో అట్లాగే నిలబడిపోయాను.

నిజం చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇక నా ఒంటి మీద ఏదైనా తేలితే ఎవరి దగ్గరికి పోవాలి అన్న ఆలోచనే మొదట వచ్చింది. అక్కడ మనిషి పోతే ఇక్కడ నా గడ్డల గొడవ నాది. ఇంత సిగ్గులేని మాట రాయడం ఎందుకని మా ఆవిడ అంటోంది. రాయాల్సిందే. నా పిరికితనం దాచిపెట్టి ఆయన గురించి రాస్తే, ఆయన నాకు చేసిందేమిటో మీకు అర్థం కాదు.

కాంపౌండర్ అంటే సీసాలో మందు కలిపి ఇచ్చే మనిషి అనుకోకండి. కోరుట్లలో ఒక సర్జన్ గారి చిన్న దవాఖాన ఉండేది. సాబ్ అందులో ముప్పై ఏళ్లకు పైగా కట్లు కట్టారు, కుట్లు విప్పారు, డాక్టర్ గారు కోస్తుంటే పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డారు. చర్మం కింద లేచే గడ్డలు ఆయన వేళ్ల కింద ఎన్ని నలిగాయో ఆయనకే తెలియదు. నీలిమందు పెట్టిన తెల్ల చొక్కా, పై జేబులో ఎర్ర పెన్ను, సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగే చాయ్. ఎవరైనా “డాక్టర్ సాబ్” అంటే కోపం వచ్చేది. “నేను డాక్టర్‌ను గాదు భాయ్. భయపడేటోళ్లను డాక్టర్ దగ్గరికి గుంజుకపోయెటోన్ని” అనేవారు. నన్ను గుంజుకుపోయినట్టు ఇంకెవరినీ గుంజుకుపోయి ఉండరు.

మా ఇంట్లో గడ్డ అన్న మాటే ఎవరూ పలకరు. దానికి కారణం మా నాయన. కథలాపూర్ పక్కన మా ఊరు. నాయన తాళ్లెక్కేవాడు. కల్లు కుండలు కావడిలో పెట్టుకుని భుజాన మోసుకొచ్చేవాడు. ఒక ఎండాకాలం మెడకూ భుజానికీ మధ్య గడ్డ కనిపించింది. కావడి ఒత్తుకు కాయ కాసిందన్నాడు. కావడి మోసే ప్రతివాడి భుజం మీదా కాయ ఉంటుంది కనుక ఊరంతా ఒప్పుకుంది. “ఏం గాదు తియ్యి” అన్నారు. మా ప్రాంతంలో మనిషికి ఏమొచ్చినా ముందు దొరికే మందు ఈ మాటే. పైసా ఖర్చుండదు, చెప్పినవాడికీ విన్నవాడికీ ఆ పూటకు హాయి. ఏడాది తిరగకముందే నాయన అన్నం మింగలేని స్థితికి వచ్చాడు. పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి అంతా అయిపోయింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరి ఒంటి మీద ఏది లేచినా నా కళ్లకు నాయన గడ్డే.

నాకు ముప్పై దాటాక అది నా ఒంటి మీదికి వచ్చింది. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాణ్ణి, అంటే మరమగ్గాలు. ఇరవై నాలుగు గంటలూ టకటకలాడే షెడ్లు మూతపడుతున్న రోజులవి. నూలు వచ్చేది కాదు, వచ్చినా బట్ట కొనేవాడు ఉండేవాడు కాదు. చప్పుడు ఆగిపోతే నిద్ర పట్టేది కాదు మాకు. కొందరు మగ్గాల పనికి భీవండి రైలెక్కారు. కొందరు గల్ఫ్ అన్నారు. ఎటూ పోలేని ఇద్దరు మా వాడకట్టులోనే ఇంటి దూలానికి వేలాడారు. అందులో ఒకడు నా పక్క సాంచం వాడు. ముందు రోజే నా దగ్గర బీడీ అడిగి తీసుకున్నాడు. అది చూసి నేను ఆగలేదు. జగిత్యాలలో ఏజెంటును పట్టుకుని మస్కట్ వీసాకు పాస్‌పోర్టు ఇచ్చేశాను. హైదరాబాద్‌లో మెడికల్ ఉంటుందని, అంగీ విప్పించి ఒళ్లంతా చూస్తారని, ఒక్క మచ్చ ఉన్నా అన్‌ఫిట్ అంటారని తోటివాళ్లు చెప్పారు.

ఇంకా పదిహేను రోజులు ఉందనగా, షెడ్డు ఆగాక వచ్చి చేరిన కోరుట్ల ఇంట్లో నీళ్లు పోసుకుంటున్నాను. వీపు రుద్దుతున్న మా ఆవిడ చెయ్యి ఆగింది.

“ఏందయ్యా ఇది?”

కుడి భుజం వెనక ఉసిరికాయంత గడ్డ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాయనకూ కుడివైపే. ఆమె నా మొహం చూసి “ఏం గాదు” అంది. ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. నాయనకు అందరూ చెప్పింది అదేగా!

డాక్టర్‌కు చూపించుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. చూపిస్తే వాడు దానికో రోగం పేరు పెడతాడు. పేరు పెడితే నేను చస్తాను, చావకపోయినా మస్కట్ పోను. మస్కట్ పోకపోతే మళ్లీ ఆ చప్పుడు లేని షెడ్డు, ఆ దూలాలు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చివరికి మా అమ్మ దగ్గరికి పోయి వీపు చూపించాను. అమ్మ చేసిన వైద్యం మా ఊళ్ల వాళ్లకు చెప్పక్కర్లేదు. నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద కాల్చి, ఉబికిన నల్లటి నూనెను గడ్డ చుట్టూ చుక్కలు చుక్కలుగా అంటించింది. “జీడి వెడితె కొండైనా కరుగుతది బిడ్డా” అంది పాపం, ఏడుస్తూనే. గడ్డ కరగలేదు. తోలు కరిగింది. మూడో రోజుకు బొబ్బలెక్కి, ఎర్రగా వాచి, చీము పట్టి, జ్వరం వచ్చి, ఉసిరికాయ కాస్తా నిమ్మకాయైంది. అప్పటిదాకా నొప్పే లేని దాన్ని నా చేతులారా రాచపుండులాగా చేసుకున్నాను.

ఆ స్థితిలో వెళ్లాను కాంపౌండర్ సాబ్ దగ్గరికి. డాక్టర్ గారి దగ్గరికి కాదు, గుర్తుపెట్టుకోండి. కాంపౌండర్ అయితే మందలించడు, పేరు పెట్టడు, పని చేసి పంపిస్తాడని నా లెక్క.

“సాబ్, మీద ఏదన్న పట్టి ఏసి, మెడికల్ అయ్యేదాక కనవడకుంట చెయ్యుండ్రి” అన్నాను.

ఆయన తెర లాగారు. వేడినీళ్లలో చేతులు ముంచి, తుడుచుకుని, ఒకదానితో ఒకటి రుద్దుకున్నారు. ఎవరినైనా ముట్టుకునే ముందు ఆయన అలవాటు అది. “సల్లటి చెయ్యి వెడితే గడ్డ కంటె ముందు మనిషి గట్టివడ్తడు” అనేవారు. గడ్డ వైపు చూడనే లేదు. స్టూలు జరుపుకుని నా ఎదురుగా కూర్చున్నారు.

“ఎన్నొద్దుల సంది ఉన్నది బేటా?”

“తెల్వది.”

“జీడి వెట్టకముందు నొప్పి ఉండెనా?”

“లేకుండె.”

“ఇంట్ల ఇంకెవరికన్న గడ్డలున్నయా?”

అప్పుడు చెప్పాను నాయన గురించి. పదహారేళ్లు ఎవరికీ చెప్పనిది, కావడి కాయ అన్న సంగతి మొదలు అన్నం మింగలేకపోయిన దాకా. ఆయన అంతా విని ఒక ప్రశ్న వేశారు.

“మీ నాయన కావడి ఏ బుజం మీద మోసెటోడు?”

నాయన నడిచివచ్చే తీరు కళ్లముందు కదిలింది. గట్టు మీద, ఎండలో, ఒక పక్కకు వంగి. “ఎడమ బుజం” అన్నాను. గడ్డ కుడివైపు. మోయని భుజం మీద కాయ ఎట్లా కాస్తుంది? ఊరంతా చూసింది, అమ్మ చూసింది, నేను చూశాను, రోజూ చూశాం. ఒక్కరికీ తట్టలేదు. తట్టకుండా “ఏం గాదు” అనుకున్నాం.

సాబ్ నా మోకాలి మీద చెయ్యి వేశారు. “నీ తప్పు గాదు. పోరనివి నువ్వు. ఇప్పుడు నీ వీపు సూద్దాం” అన్నారు.

“ఏం గాదని చెప్పుండ్రి సాబ్” అని ఆయన చొక్కా పట్టుకున్నాను. “ఒక్కసారి చెప్పుండ్రి!”

“సూడకముందే ఏం గాదంటె అబద్ధం. సూడకముందే ఏదో అయితదంటె పాపం. నా దగ్గర ఉన్నది ఒక్కటే మాట. సూద్దాం.”

ఆ మాట ఆయన నోట ఆ తర్వాత వందసార్లు విని ఉంటాను. ఆ రోజు మాత్రం ఆయన మెడ పిసకాలనిపించింది. డాక్టర్ గారు వచ్చి చూశారు. కాలిన పుండు మానకుండా గడ్డను పరీక్ష చేయలేమన్నారు, వాపు తగ్గాలన్నారు. రోజు విడిచి రోజు కట్టు, మాత్రలు. పుండు మానుతుండగానే మెడికల్ తేదీ దాటిపోయింది. నా వీసా ఇంకొకరికి పోయిందని ఏజెంటు ఫోన్ చేశాడు.

నేను దవాఖానకు పోయి, పదిమంది ముందు సాబ్‌ను అనరాని మాటలన్నాను. నా నోటి కాడి కూడు తీశావన్నాను. పట్టి వేసి పంపిస్తే నీ సొమ్మేం పోయేదన్నాను. నీ పిల్లలకూ ఇట్లాగే కావాలన్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, కాని అన్నాను. ఆయన కత్తెర పట్టుకుని నిలబడి అంతా విన్నారు. “అయిపోయిందా? అంగీ ఇప్పు. కట్టు మార్చాలె” అన్నారు. ఆ మనిషిని ఏమనాలి చెప్పండి.

వాపు దిగిన రోజు ఆయన ఒక పని చేశారు. నా ఎడమ చేతిని భుజం మీదుగా వెనక్కి తెప్పించి, నా వేలినే గడ్డ అంచు మీద పెట్టారు.

“నువ్వే ఒత్తు. మెల్లగ. అంచు మీద.”

అన్ని రోజుల్లో నేను దాన్ని నా చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకుంటే పెరుగుతుందని భయం. కళ్లు మూసుకుని నొక్కాను. మెత్తగా ఉంది. వేలు పెట్టగానే చటుక్కున పక్కకు జారింది.

“పారిపోయింది సాబ్!”

“పారిపోయేది పిరికిది. నీ అసొంటిదే. గట్లాంటిదానికి భయపడకు. ఏలు వెడితె కదలకుంట కూసున్నదాన్ని సూసి భయపడు” అని నవ్వారు. నేను ఊపిరి పీల్చుకోబోతుంటే మళ్లీ వేలు చూపించారు. “ఆగు. నీ ఏలు సాక్షెం చెల్లది, నా ఏలు సాక్షెం చెల్లది. సూది సాక్షెమే చెల్లుతది.”

డాక్టర్ గారు సన్న సూదితో గడ్డలోంచి కొంచెం తీసి, గాజు పలక మీద పూసి, పరీక్షకు కరీంనగర్ పంపారు. ఫలితానికి వారం రోజులు. ఆ వారం నేను మనిషిని కాను. అన్నం ముద్ద గొంతు దగ్గర ఆగితే నాయన గుర్తొచ్చేవాడు. అద్దం ముందు అంగీ విప్పి, మెడ తిప్పి తిప్పి చూసుకుని, మెడ పట్టేసింది. పట్టేసిన మెడను చూసుకుని, ఇదిగో ఇక్కడికీ పాకిందని ఏడ్చాను. మా ఆవిడ పోయి సాబ్‌కు చెప్పినట్టుంది, మర్నాడు ఆయనే సైకిల్ మీద వచ్చారు.

“ఇంట్ల కూసుంటె గోడలతోని మాట్లాడ్తవ్. రా, గాజుగుడ్డ మడత వెడ్దువు.”

అట్లా వారం రోజులు దవాఖాన బెంచీ మీద కూర్చుని కట్టుగుడ్డలు మడత పెట్టాను. పెడుతూ చూశాను. మణికట్టు మీద గోళీకాయంత బుడిపె లేస్తే, దాన్ని రోకలిబండతో కొట్టించుకుని చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చిన ఆమెను చూశాను. వీపు మీద కొవ్వు తిత్తిని రోజూ గిల్లి పిసికి, కుళ్లబెట్టుకుని వచ్చిన ఒక కిరాణా సేటును చూశాను. “పుట్టినదాన్ని దాని మానాన ఉండనియ్యరు. ఒకరు కాలుత్తరు, ఒకరు కొడ్తరు, ఒకరు పిసుకుతరు. దవాఖానకు తప్ప అన్నిటికి దొరుకుతది టైం!” అని సాబ్ అందరినీ కలిపి తిట్టారు. నేను తల వంచుకుని గుడ్డ మడత పెట్టాను.

ఇంకొకరిని కూడా చూశాను. వెల్గటూర్ నుంచి వచ్చిన ముసలాయన. చంకలో గడ్డ. సాబ్ వేళ్లు వేడి చేసుకుని ముట్టుకున్నారు. ముట్టుకున్నాక నవ్వలేదు, పరాచికాలాడలేదు, ముసలాయన వేలిని దాని మీద పెట్టించలేదు. లోపలికి పోయి డాక్టర్ గారితో మాట్లాడి వచ్చి, తన చొక్కా మార్చుకుని, ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని కరీంనగర్ బస్సెక్కారు. పోతూ పోతూ “నా చాయ్ నువ్వు తాగు, సల్లారుతది” అన్నారు నాతో. ఆయన ఏం గాదని అనకపోవడానికి అర్థం ఆ బస్సు కదిలాక తెలిసింది నాకు.

ఎనిమిదో రోజు కాగితం వచ్చింది. డాక్టర్ గారు చదివి, కొవ్వు గడ్డే, క్యాన్సర్ కాదు, ప్రాణానికి భయం లేదన్నారు. నాకు వినపడింది కాని లోపలికి పోలేదు. సాబ్ వైపు చూశాను. ఆయన ఆ కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పై నుంచి కింది దాకా ఒకసారి చదివి, మడిచి, నా జేబులో పెట్టారు.

“ఇప్పుడంటున్న బేటా. ఏం గాదు.”

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్ల మగవాణ్ణి, కట్టుగుడ్డల బుట్ట పట్టుకుని బొబ్బలు పెట్టి ఏడ్చాను.

కోయకపోయినా ఫర్వాలేదన్నారు డాక్టర్ గారు. నేనే తీసెయ్యమన్నాను. ఒంట్లో ఉన్నంతకాలం నాకు నిద్ర పట్టదు. ఆ చోటే మొద్దుబారేట్టు సూది వేసి, అరగంటలో తీసేశారు. సాబ్ ట్రే తెచ్చి నా మొహం ముందు పెట్టారు. పసుపుపచ్చగా, మెత్తగా, అచ్చం వెన్నముద్ద. “సూడు. గిన్నొద్దులు నువ్వు మొక్కులు మొక్కింది దీనికే” అన్నారు. ఎనిమిది నెలలకు ఇంకో వీసా వచ్చింది. మెడికల్‌లో మచ్చ చూసి అడిగితే డాక్టర్ గారి కాగితం చూపించాను. ఫిట్ అన్నారు.

మస్కట్‌లో ఉన్నన్నేళ్లలో తొడ మీద ఒకటి, కడుపు మీద రెండు లేచాయి. లేచిన ప్రతిసారీ నా గుండె ఆగేది, ఆగిన ప్రతిసారీ కోరుట్లకు ఫోన్ చేసేవాణ్ణి. “ఫోన్ల గడ్డ ఎట్ల తాకాలె బేటా?” అని ముందు నవ్వేవారు. తర్వాత అడిగేవారు. పెరిగిందా, నొస్తుందా, గట్టిపడిందా, వేలు పెడితే జారుతుందా. అన్నీ విని “అక్కడి డాక్టర్‌కు సూపెట్టు. సూపెట్టినంక నాకు ఫోన్ చెయ్యి” అని పెట్టేసేవారు. ఒక్కసారి కూడా ఫోన్‌లో ఏం గాదు అనలేదు. ఎంత బతిమాలినా సరే. డాక్టర్ చెప్పింది చెప్పాక మాత్రం మూడుసార్లు అనేవారు.

ఆ సర్జన్ గారు పోయి, దవాఖాన మూతపడ్డాక కూడా ఆయన పని ఆపలేదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవారు. ఎవరో ఒకరు వచ్చి చెయ్యో మెడో చూపించేవారు. “పా, జగిత్యాల పోదాం” అనేవారు. అక్కడ ఒక లేడీ సర్జన్ దగ్గరికి తీసుకుపోయి, బయట బెంచీ మీద గొడుగు పట్టుకుని కూర్చునేవారు. భార్యకు కోపం వచ్చేదట, రిటైరైన మనిషికి ఈ బస్సు తిరుగుళ్లేమిటని. “ఆళ్లకు తొవ్వ తెల్వక గాదు. ఒక్కలు పోవుడు భయం” అనేవారట.

పన్నెండు రోజుల కింద నేను మస్కట్ వదిలేసి ఇంటికి వచ్చాను. రెండో రోజు సాబ్‌ను చూడబోయాను. బాగా సన్నబడ్డారు. నన్ను చూసి “కూసో, నీతోని ఒక మాట మాట్లాడేదున్నది” అన్నారు. ఇంతలో ఎవరో వచ్చారు. “మల్ల రా. తీరికెగ చెప్త” అన్నారు. నేను మళ్లీ పోలేదు. కడుపు మీద గడ్డ ఈమధ్య కొంచెం పెద్దదైనట్టు అనుమానంగా ఉంది, ఆయన కంట పడితే జగిత్యాల బస్సెక్కిస్తారని పోలేదు. వీధి మలుపులో ఆయన ఇల్లు. పది రోజులు ఆ మలుపు తప్పించుకుని తిరిగాను. నా భయానికి నేను చెప్పుకోదగ్గ శిక్ష ఇంకోటి లేదు.

జుమ్మా నమాజ్ అయ్యాక మోశారు. నేనూ భుజం పట్టాను. కబరస్తాన్‌లో అందరితో పాటు మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. చుట్టూ చూస్తే తెలిసిన మొహాలే. మెడ వెనక సన్న గీతతో ఒకడు, నుదుటి మీద కుట్టు మచ్చతో ఒకడు, మోచేతి మీద ఒకడు. అందరం ఆయన వేళ్లు తాకినవాళ్లమే.

ఇంటికొచ్చి స్నానం చేసేసరికి బాగా పొద్దు వాలింది. ఇంటర్ చదువుతున్న నా బిడ్డ మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. దానికి సాబ్ అంటే తాతే. ఆ బాధే అనుకున్నాను. అది లేచి, పుస్తకాల మధ్య నుంచి ఒక పాత ఎక్స్‌రే ఫిల్మ్ తీసింది. కడిగి గాజులాగా చేసిన ఫిల్మ్. దాని మీద ఎర్ర సిరాతో ఒక గుండ్రటి గీత.

“బాపు, గుస్స చెయ్యనంటె ఒకటి చెప్త.”

ఎడమ చేతి అంగీ పైకి మడిచింది. మోచేతి కింద, లోపలివైపు, రేగుపండంత గడ్డ.

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ వైపు చూశాను. ఆమె నా కళ్లలోకి చూడలేదు. కళ్లముందు మళ్లీ నాయన గట్టు మీద నడిచి వస్తున్నాడు. బిడ్డ చెప్పుకుపోతోంది. ఏడు నెలల కింద కనపడిందట. వాళ్లమ్మ సాబ్‌కు చూపిస్తే, ఆయన ఇద్దరినీ జగిత్యాల తీసుకుపోయారట. స్కానింగ్ చేశారట, సూది పరీక్ష చేశారట. కొవ్వు గడ్డే, మీ నాన్నకు ఉన్నట్టే నీకూ వచ్చింది, కోసే అవసరం లేదు, పెరిగినా గట్టిపడినా నొచ్చినా రమ్మన్నారట ఆ లేడీ సర్జన్. అప్పటినుంచి నెలకొకసారి, మొదటి శుక్రవారం, సాబ్ ఈ ఫిల్మ్ చేతి మీద పెట్టి, పుట్టుమచ్చ దగ్గర గుర్తు కలిపి, గడ్డ చుట్టూ గీత గీసేవారట.

“నాకెందుకు చెప్పలేదే?” అన్నాను.

“చెప్తె నువ్వు అక్కడ ఒక్కనివే ఉంటివి. తినవు, పండవు. తాతనే అన్నడు, మీ బాపు ఇంటికచ్చినంక ముందట కూసోవెట్టుకొని నేను చెప్త అని. నాకు భయం కాలే బాపు. నీకు తెలుస్తదేమోనని భయమైంది.”

పదహారేళ్ల పిల్ల. దాని చేతిలో గడ్డ, దాని నెత్తిన నా భయం. ఏడు నెలలు రెండూ మోసింది. ఆ రెండోదాన్ని దించడానికే ఆయన “మల్ల రా” అన్నది. నేను మలుపు తప్పించుకుని తిరిగాను.

“ఇయ్యాల మొదటి శుక్రవారం” అంది బిడ్డ. “తాత లేడు. నువ్వు గీస్తవా?”

ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాను. ఏడుసార్లు గీసిన గీతలు. ఒకదాని మీద ఒకటి పడి, లావుపాటి ఒకే గీతలా ఉన్నాయి. ఒక్కటీ బయటికి పోలేదు. బిడ్డ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. ఫిల్మ్ పరిచి, పుట్టుమచ్చ దగ్గర గుర్తు కలిపి, పెన్ను పట్టి గీశాను. తీసి చూస్తే నా గీత ఆ ఏడింటినీ దాటి, వంకర్లు పోయి, చుట్టూ తిరిగింది.

“పెరిగింది...” అన్నాను. “బిడ్డా, పెరిగిందే!”

అది ఫిల్మ్ అందుకుని చూసింది. నన్ను చూసింది.

“గడ్డ గట్లనే ఉన్నది బాపు. నీ చెయ్యి వణికింది.”

చున్నీ కొస తడిపి నా గీత ఒక్కదాన్నే జాగ్రత్తగా తుడిచింది. ఫిల్మ్ మళ్లీ చేతి మీద పరుచుకుంది. కుడి చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“మల్ల గియ్యి” అంది. “మెల్లగ.”